మైకులో కలిపిన ఉప్పూకారం

ఎన్నికలొచ్చాయంటే మా ఇంట్లో మొదట ఖాళీ అయ్యేది మిరియాల డబ్బా. మా ఆయన గొంతు కోసం. ఆయన పోటీ చేసే మనిషి కాదు, ఏ పార్టీలోనూ సభ్యుడు కాదు. బెంగాల్లోని మా ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న పేటల్లో ఎవరు సభ పెట్టినా, నాయకుడు హిందీలోనో బెంగాలీలోనో ఒక వాక్యం చెప్పి ఆగితే, పక్కన రెండో మైకు పట్టుకుని దాన్ని తెలుగులో చెప్పేది ఆయనే. ఈ పార్టీకి చెప్తారు, వారం తిరక్కుండా ఆ పార్టీకీ చెప్తారు. అందరికీ ఆయన మైకు బాబాయ్. నేను మైకు పిన్నిని. నా ప్రమేయం ఏమీ లేకుండానే ఆ పేరు నాకు తగులుకుంది.

ఈ విద్య ఆయనకు రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర అబ్బింది. ఫిట్టరుగా చేసిన రోజుల్లో యూనియన్ వాళ్ళు గేటు మీటింగులు పెట్టేవారు. షిఫ్టు వదిలాక ఆకలితో ఇంటికి పోయేవాళ్ళు సైకిళ్ళెక్కి పోతూనే ఉంటారు. వాళ్ళని ఆపాలి. "ఆడు తొక్కుతున్న సైకిలాపి కాలు కింద పెట్టాల. అప్పుడే నువ్వు మాట్లాడినట్టు" అని వాళ్ళ పాత లీడరు నేర్పాడట. అందుకని మా ఆయన ఉన్న మాటని ఉన్నట్టు తెలుగులో చెప్పరు. నాయకుడు ఎంత పెద్ద మాట అన్నా దాన్ని మన వంటింట్లోకి, మన పెరట్లోకి లాక్కొచ్చి చెప్తారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఉప్పూకారం వెయ్యడం. ఎప్పుడు ఎక్కడ చప్పట్లు పడ్డాయో ఇంటికొచ్చి నాకు చెప్పి మురిసిపోతారు. నేను పాలల్లో మిరియాల పొడి కలుపుతూ వింటాను. వినకపోతే ఊరుకోరు.

నేను రైల్వే బడిలో తెలుగు చెప్పినదాన్ని. ఏళ్ళ తరబడి పిల్లల చేత అలంకారాలు వల్లె వేయించాను. ఇప్పుడు ఆ బడిలో తెలుగు చదివే పిల్లలే కరువయ్యారు, నేనూ మోకాళ్ళు పట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. అలవాటు మాత్రం పోలేదు. ఎవరు మాట్లాడినా చెవి పోలిక దగ్గర ఆగుతుంది. ఇది పెద్ద రోగం. ఎన్నికల రోజుల్లో మరీ ఎక్కువవుతుంది.

మొన్న వేసవిలో ఓల్డ్ సెటిల్‌మెంట్ మైదానంలో సభ. మేము ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అక్కడి క్వార్టర్లోనే ఉన్నాం, రిటైరయ్యాక తాళం అప్పజెప్పి ఝపటాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. పాత ముఖాలు కనిపిస్తాయి కదా అని నేనూ ఆయన వెంట వెళ్ళాను. వచ్చిన నాయకుడు ఎక్కడో దూరం వాడు, హిందీ మాట్లాడాడు. రోడ్ల గురించి కాసేపు, రేషను గురించి కాసేపు చెప్పి, సరిహద్దు దాటి వచ్చేవాళ్ళ దగ్గరికి వచ్చాడు. అనుకున్నాను, ఇక మొదలు. దేశం అంటే ఇల్లు అన్నాడు. ఇంటికి తలుపు ఉండొద్దా అన్నాడు. వరద వస్తోంది, గట్టు తెగిపోతోంది అన్నాడు. కిందటి ఎన్నికల్లో ఇంకొకాయన కూడా వరదే అన్నాడు, గట్టే అన్నాడు. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెచ్చినట్టు ఈ పోలికలు కూడా ఎక్కడో అద్దెకు దొరుకుతాయేమో. వాళ్ళు నిలబడిన ఊరికి ఏ నదీ లేకపోయినా వరద మాత్రం వస్తుంది.

దేశం ఇల్లు అంటే నాకు నవ్వొచ్చింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా రైల్వే క్వార్టర్ల వాళ్ళు. తలుపు రైల్వేది, కిటికీ రైల్వేది, గోడకి మేకు కొట్టాలన్నా భయం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి పని కోసం వచ్చి ఇక్కడ పడ్డారు. సొంత జిల్లాకి పెళ్ళికి వెళ్తే "బెంగాలోళ్ళొచ్చినారు" అంటారు. ఇక్కడేమో నా చిన్నతనంలో కొందరు బెంగాలీ నాయకులు మమ్మల్నే బయటివాళ్ళనేవారు. వీళ్ళందరూ ఆ పూట తలుపు వేసెయ్యాలని చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదని గొప్పలు చెప్పుకోను, నా చేతిలో ఫ్లాస్కుంది.

తర్వాత ఆ నాయకుడు చెదలన్నాడు. వీళ్ళు దేశాన్ని లోపల నుంచి తినేసే చెదలు అని ఒక్క వాక్యం చెప్పి ఆగాడు. మా ఆయన వంతు వచ్చింది. ఆయన గొంతు కొంచెం కిందికి దించారు. ఆ దించడం నాకు తెలుసు, మంచి ముక్క ఏదో నోటికందితే అలా దించుతారు.

"సెద ఎలగొస్తాదో మీకు తెల్దేటి? బాజాలెట్టుకోని రాదు. ముందు మీ వీధి సివర రెండు గదులు అద్దెకి దిగుతాది. సప్పుడు సెయ్యదు. పలకరిస్తాది, నవ్వుతాది. లోపల్లోపల మీ ఇంటి దూలం తినేస్తాది. ఓ రోజు సెయ్యేసి సూస్తే ఏటుంతాది? పొట్టు!"

మైదానం అదిరిపోయింది. నాయకుడు తల తిప్పి మా ఆయన వైపు చూశాడు. తనకు పడని చప్పట్లు ఈ ముసలాయనకి ఎందుకు పడ్డాయో అతనికి అర్థం కాలేదు.

ఇంటికొస్తూ అడిగాను. "ఏటండీ, అద్దెకి దిగడం ఆయనెక్కడన్నాడు?"

"అనలేదు. సెద అని ఊరుకుంటే ఎవరింతారే? కూసింత ఉప్పూకారం పడాల గదా."

"అద్దె గదులు ఎందుకు తెచ్చినారూ?"

"నోటికొచ్చినాది. ఏం, బాగులేదా?"

బాగుంది. అదే నా ఏడుపు. పోలిక ఎంత దగ్గరగా ఉంటే అంత బాగుంటుందని పిల్లలకి చెప్పినదాన్ని నేనే. ఆ పూటకి అలసిపోయి ఊరుకున్నాను.

మా వీధిలో అన్నీ రిటైరైనవాళ్ళు కట్టుకున్న ఇళ్ళు. అద్దెకి ఉన్నది ఒక్క ఇంట్లోనే. వీధి చివర, రెండు గదుల్లో. అందులో ఒక బెంగాలీ ఆవిడ, వాళ్ళమ్మ ఉంటారు. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని జాకెట్లు, ఫాల్సులు కుడుతుంది. మా వీధి ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడకి తెలుసు. ఎవరు లావయ్యారో ఎవరు చిక్కిపోయారో ముందు ఆవిడకే తెలుస్తుంది, ఎవరికీ చెప్పదు. మాతో తెలుగే మాట్లాడుతుంది, మా యాసలోనే. వాళ్ళమ్మ పుట్టింది ఇప్పుడు బంగ్లాదేశ్ అంటున్న వైపు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రి భుజమ్మీద కూర్చుని ఇవతలికి వచ్చిందట. ఈవిడ పుట్టింది మాత్రం ఇక్కడే, ఈ జిల్లాలోనే. ఆ సంగతి వాళ్ళెప్పుడూ దాచలేదు. దాచడానికి వీలూ లేదు, ముసలమ్మ నోరు విప్పితే చాలు. ఊళ్ళో బెంగాలీలు ఛ అనేచోట ఆవిడ స అంటుంది. తిన్నాననడానికి ఖాయిసి, వెళ్ళాననడానికి గేసి అంటుంది. మేమూ అంతేగా, చూసినాను అనాల్సినచోట సూసినాను అంటాం. అందుకేనేమో మా వీధి ముసలమ్మలకీ ఆవిడకీ భాష రాకపోయినా పొసగేది. ఆవిడకి కళ్ళు దాదాపు కనపడవు. ఆ రెండు గదుల్లో గోడ పట్టుకుని కుండ దగ్గరికీ, మంచం దగ్గరికీ, బయట అరుగు మీదికీ తనంతట తను తిరుగుతుంది. ఇంకెక్కడైనా అయితే ఆవిడ మంచం దిగలేదు. ఈ మాట మాకందరికీ తెలుసు.

సభ అయిన మూడు నాలుగు రోజులకి కూరగాయల బండి దగ్గర మొదటిసారి విన్నాను. ఒకావిడ వంకాయలు ఏరుకుంటూ, "మైకు బాబాయ్ ఎంత బాగా సెప్పినాడు పిన్నీ, రెండు గదులు అద్దెకి దిగుతాదంట" అని నవ్వి, వీధి చివరకి చూసింది. ఆ చూపు చూసి నేను బేరం వదిలేసి వచ్చేశాను. మర్నాడు ఇంకొకావిడ కుట్టడానికి ఇచ్చిన గుడ్డ వెనక్కి తెచ్చేసుకుంది. తొందరగా కావాలంట, ఖరిదా బజార్లో దర్జీకి ఇస్తుందంట. ఇంకొకాయన ముసలమ్మని అరుగు మీద చూసి, "మాసీ, నీకు ఓటుందా?" అని అడిగాడు. ఉంది. ఎప్పట్నుంచో వేస్తోంది. అడిగినవాడికి ఆ జవాబుతో పని లేదు, అడగడమే పని. అందరూ మంచివాళ్ళే. వాళ్ళలో ఒక్కరు కూడా కుట్టుమిషనావిడతో పోట్లాడలేదు. పోట్లాడినా బాగుండేది, ఆవిడ తిరిగి నాలుగు తిట్టేది.

తర్వాత ఆవిడ మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం, మా ఆయన నిద్రపోతున్నారు. వరండాలో కింద కూర్చుని, చెంగుతో మెడ తుడుచుకుని చెప్పింది.

"దీదీ, ఇంటాయన ఖాళీ సెయ్యమన్నారు. అమ్మవారి పండగెల్లాక."

"ఏటి? ఎందుకూ?"

"ఆయనేం అనలేదు. అందరూ ఏటేటో అంటన్నారు, నాకెందుకమ్మా ఈ గొడవ అన్నారు. నీ గురించి కాదమ్మా అనీ అన్నారు." ఆవిడ చెంగు మళ్ళీ మెడకి అద్దుకుంది. "ఎక్కడికెల్లినా నాను మిషను తొక్కుకోని బతికేస్తాను. అమ్మకే... అమ్మకి ఆ గోడలే కళ్ళు దీదీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ వెళ్ళగానే లోపలికెళ్ళి ఆయన్ని లేపాను.

"లేవండి. మీ చప్పట్ల ఫలం వచ్చింది."

విషయం విని లేచి కూర్చున్నారు. "నాను ఆవిడనన్నానేటి? ఆవిడ నా మనసులోనే లేదు. వొట్టు."

"మీ మనసులో లేదు. వీధిలో ఉంది. అద్దెకి దిగింది ఈ వీధిలో ఆవిడొక్కతే."

"పోలికే అది! ఒక పోలిక సెప్పినాను!"

"పోలికైతే 'లాగ' అనాల. చెదలాగ అనాల. లాగ అంటే చెద చెదే, మనిషి మనిషే, రెండూ వేరు వేరుగా ఉంటాయి. మీరూ మీ నాయకుడూ లాగ తీసేసినారు. తీసేస్తే మనిషి చెద అయిపోతుంది. చెదని ఎవరైనా పేరడుగుతారా? ఊరడుగుతారా? కిరసనాయిలు పోస్తారు, అంతే!"

"నాకు పాఠం సెప్పకు" అన్నారాయన. కోపం కాదు, సిగ్గు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ తేడా తెలియకపోతే ఎలా. అరిచి అరిచి నాకే నీరసం వచ్చింది. ఎవరి మీద అరుస్తాం? ఆ మాట పుట్టించినవాడు అప్పటికే వేరే ఊళ్ళో అదే మాట అంటుంటాడు, అక్కడింకెవరి చేతో తర్జుమా చేయించుకుంటూ.

ఆ వారంలోనే రెండో పార్టీ సభ, అదే మైదానంలో. ఆయన వెళ్ళనన్నారు. నేనే వెళ్ళమన్నాను, వీళ్ళు వేరేగా మాట్లాడతారని నా ఆశ. వేరేగానే మాట్లాడారు. ఇది తల్లి ఒడి అన్నారు. ఎవరొచ్చినా అతిథే, అతిథిని గెంటేసే సంస్కారం మనది కాదన్నారు. మా ఆయన దాన్ని బాగా పట్టుకున్నారు. "ఇంటికొచ్చిన సుట్టానికి ముందు కాళ్ళకి నీళ్ళిస్తాం, ఆకేసి అన్నం పెడతాం. మనం అలాంటోళ్ళం!" అన్నారు. చప్పట్లు మళ్ళీ బాగానే పడ్డాయి, చాలావరకు అవే చేతులవి.

పొద్దున్నే లేచి నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆ ముక్క చెప్పాను. ఊరటగా ఉంటుందనుకున్నాను. ఆవిడ మిషను ఆపకుండా వింది. దారం తెంపి, "సుట్టమా?" అంది. "ఏ సుట్టం అద్దె కడతాది దీదీ? నాను మున్సిపాలిటీ కుళాయి దగ్గర మీ అందరితో లైన్లో నిలబడ్డాను గదా. సుట్టాన్ని ఎవరైనా లైన్లో నిలబెడతారా? పైగా సుట్టం ఎల్లిపోవాల. ఎల్లకపోతే మీకే ఇబ్బంది." కోపంగా అనలేదు. నాకేసి చూసి నవ్వింది కూడా. నేను తల దించుకుని, కుట్టిన జాకెట్టు తీసుకుని వచ్చేశాను. ఒకరు చెదంటారు, ఒకరు చుట్టమంటారు. పక్కింటావిడ అనే మాట ఇంత మంది నోళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఆ మాటకి చప్పట్లు పడవు మరి.

ఆ సాయంత్రం మా ఆయన చొక్కా వేసుకుని ఆవిడ ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళారు. వెంట నేనూ వెళ్ళాను. ఓనరు కూడా మావాడే, రైలు డ్రైవరుగా రిటైరయ్యాడు, మా ఆయన్ని బావా అంటాడు. కుర్చీలేశాడు, టీ తెప్పించాడు. మా ఆయన తిన్నగా విషయానికొచ్చారు.

"బావా, ఆవిణ్ణి ఉండనీ. ఆ సభలో నాను సెప్పింది ఒట్టి పోలిక. ఎవరి గురించీ కాదు."

"నాకు తెల్దేటి బావా? ఆవిడ మంచిదని నాకు తెల్దా?"

"మరేటి?"

ఓనరు టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు మైకులో అన్నావు. అంతమంది విన్నారు. ఇప్పుడొచ్చి నా సెవిలో సెప్తే ఏటవుతాది? రేపు ఎవడో నా ఇంటి ముందుకొచ్చి అడిగితే నీ మాట సెప్పమంటావా నన్ను? మైకు బాబాయ్ నాకొక్కడికే సెప్పినాడు అనా?"

మా ఆయన టీ తాగకుండానే లేచారు. ఆ మనిషి అన్నదాంట్లో తప్పు నాకూ కనపడలేదు, అదే ఇంకా బాధ. అతను భయపడుతున్నాడు, అంతే. ఇంటికొచ్చాం. గేటు గడియ వేస్తూ ఆయన, "మైకులోనే సెప్తాను" అన్నారు.

అమ్మవారి పండగకి కూడా మైకు ఆయనదే. ఊళ్ళో బెంగాలీలు దాన్ని మాతా పూజ అంటారు. వేసవిలో అమ్మవారి ఘటాన్ని నెత్తిన పెట్టుకుని డప్పులతో వీధి వీధీ తిప్పుతారు. ఘటం ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది. ఆ ఇంటి ఆడమనిషి పసుపు కలిపి వేపాకులు వేసిన నీళ్ళ చెంబుతో ఎదురొచ్చి, ఘటం మోసేవాళ్ళ కాళ్ళ మీద పోస్తుంది. ఆ నీళ్ళని ముర్రాట అంటాం. ఘటం ఏ గుమ్మం ముందు ఆగితే ఆ గుమ్మం మా వీధిది. అద్దెకి దిగిన మొదటి ఏడే ఆవిడ మమ్మల్ని అడిగి నేర్చుకుని ముర్రాట కలిపింది, అప్పట్నుంచి ఏటా పోస్తూనే ఉంది. ముసలమ్మ అరుగు మీద నిలబడి డప్పు వైపు దండం పెట్టేది. ఘటం ఈసారీ ఆగితే ఓనరు మనసు కూడా మారుతుందని నేను గట్టిగా అనుకున్నాను. వీధి ఒప్పుకున్నాక అతనికి భయం దేనికి?

ఘటం మా వీధిలోకి వచ్చింది. ఆటో మీద కట్టిన మైకు పట్టుకుని మా ఆయన ముందు నడుస్తున్నారు. మామూలుగా అయితే ఆయన నోటికి అడ్డే ఉండదు, ఎవరింటి ముందు ఆగితే వాళ్ళింటి మీద ఒక వేళాకోళం, ఒక పొగడ్త. ఆ రోజు మా ఇల్లు దాటగానే ఆగి, గొంతు సవరించుకున్నారు.

"వీధి సివర ఇంట్లో ఉన్న ఆవిడ మన వీధి మనిషి. చాలా ఏళ్ళ నుంచి ఉన్నాది. మన బట్టలు కుట్టినాది. ఆ రోజు సభలో నాను అన్న మాట తప్పు. అలా అనకూడదు. ఆవిడ ఇక్కడే ఉండాల."

ఉప్పు లేదు, కారం లేదు. ఒక్క పోలిక లేదు. ఆయన నోట అంత చప్పటి తెలుగు నేనెప్పుడూ వినలేదు. నాకు ఆ క్షణం ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. కానీ చుట్టూ చూశాను. డప్పులవాళ్ళు ఊపిరి తీసుకుంటున్నారు. ఆడవాళ్ళు చెంబులు సర్దుకుంటున్నారు. విన్నారు, విననట్టు లేరు. ఎవరి ముఖమూ కదల్లేదు, అంతే. వెనకనుంచి ఒకడు, "బాబాయ్, ఏటివాళ జోషు లేదూ! గొంతు బాగులేదా?" అని అరిచాడు. నలుగురు నవ్వారు. డప్పు మళ్ళీ అందుకుంది.

ఘటం చివరి ఇంటికి ముందరి ఇంటి దగ్గర ఆగి, నీళ్ళు పోయించుకుని, అక్కడే వెనక్కి తిరిగింది. కాళ్ళు కాలిపోతున్నాయి, ఇంకా మూడు వీధులున్నాయి అన్నారు కమిటీవాళ్ళు. నిజంగానే ఎండగా ఉంది. ఆవిడ చెంబు పట్టుకుని తన గుమ్మం ముందే నిలబడి ఉంది. వెనక అరుగు మీద ముసలమ్మ రెండు చేతులూ జోడించి, డప్పు దగ్గరికి వస్తుందని ఎదురుచూస్తోంది. అది దూరమవుతుంటే తల అటూ ఇటూ తిప్పింది. గబగబా నడిచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"రా. మా గుమ్మం ముందు మళ్ళీ ఆపిస్తాను. అక్కడ పోద్దువు."

"వద్దు దీదీ. మీ గుమ్మం మీది" అంది. చెంబులో నీళ్ళు ములగచెట్టు మొదట్లో పోసి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

తర్వాతి ఆదివారం ఖాళీ చేసింది. ఖరిదాలో ఒక సందు వెనక ఒక్క గది దొరికింది. సామాను కోసం టోటో అనే బ్యాటరీ రిక్షా తెచ్చారు. ఆ రోజు వీధి వీధంతా వచ్చింది. ఇది నేను ఇప్పటికీ జీర్ణించుకోలేకపోతున్నాను. గుడ్డ వెనక్కి తీసుకున్నావిడ ముసలమ్మకి పెరుగన్నం కలిపి తెచ్చింది. ఓటుందా అని అడిగినాయన కుట్టుమిషనుకి ఒక పక్క పట్టాడు. ఓనరు కళ్ళు తుడుచుకున్నాడు. నటన కాదు, అందరికీ నిజంగానే బాధగా ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆవిడ చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పారు. "నీ గురించి కాదమ్మా." "మీ అమ్మ గురించి అసలే కాదు." "నువ్వు మనసులో పెట్టుకోకు, నీ గురించి కాదు."

ఆవిడ అందరికీ తలూపింది. ముసలమ్మని టోటోలో కూర్చోబెట్టి, మంచం కోళ్ళు ఆవిడ ఒళ్ళో పడకుండా సర్ది, చివరగా మా ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. ఎగతాళిగా అడగలేదు. ఆవిడకి ఎగతాళి రాదు. ఇన్నేళ్ళూ కొలత తప్పిందేమోనని మమ్మల్ని ఎలా అడిగేదో అలాగే అడిగింది.

"దాదా, అందరూ నా గురించి కాదన్నారు. మా అమ్మ గురించీ కాదంట. మరి ఎవరి గురించి సెప్పినారు దాదా? మీరు ఆళ్ళనెప్పుడైనా సూసినారా?"

మా ఆయన ఓనరు వైపు చూశారు. ఓనరు మా వైపు చూశాడు. ఆవిడ జవాబు వినే వెళ్దామన్నట్టు అలాగే నిలబడింది. టోటో అతను ఒకసారి హారన్ కొట్టాడు.